పెడల్ కొనే ముందు కేబుల్ రెండో కొస చూడాలి

ఎలక్ట్రిక్ గిటార్ చేతికొచ్చిన కొన్నాళ్లకే చాలామంది కొనే మొదటి పెడల్ డిస్టార్షన్. పెడల్ అంటే గిటార్ సౌండ్‌ను మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె. డిస్టార్షన్ పెడల్ ఆ సౌండ్‌ను గరుకుగా చేస్తుంది. వీడియోలో విన్నప్పుడు గుండెల్లో మోగిన సౌండ్, ఇంటికి తెచ్చి తగిలించేసరికి చెవుల్లో గుచ్చుకుంటుంది. పెడల్ నకిలీదేమో, గిటార్‌లో తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్ బాగాలేదేమో, వాయించే చెయ్యే కుదరలేదేమో అని అనుమానాలు మొదలవుతాయి. దాన్ని పక్కన పెట్టి ఇంకో పెడల్ కొంటారు. అదీ అంతే.

తేడా చాలాసార్లు పెడల్లో ఉండదు. వీడియోలో ఆ పెడల్ నుంచి వెళ్లిన కేబుల్ ఒక వాల్వ్ యాంప్‌లోకి (గాజు వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్), అక్కడి నుంచి 12 అంగుళాల గిటార్ స్పీకర్‌లోకి వెళ్లింది. ఆ స్పీకర్ ముందు పెట్టిన మైక్‌కు ఏం వినపడిందో అదే మనకు వినపడింది. మన దగ్గర అదే కేబుల్ చర్చిలో మిక్సర్‌లోకో, కాలేజీ ఫెస్ట్‌కు అద్దెకు తెచ్చిన సౌండ్ సిస్టమ్‌లోకో, ఇంట్లో గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకో వెళ్తుంది. మన ఊళ్లలో చాలా స్టేజీల మీద గిటార్ యాంప్ అనేదే కనిపించదు. అందుకే పెడల్ ఎంపికలో ఏ కంపెనీ, ఏ మోడల్ అన్న ప్రశ్న తర్వాత రావాలి. పెడల్ నుంచి బయటికొచ్చిన కేబుల్ ఎక్కడికి వెళ్లి ఆగుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి జవాబు మారితే కొనాల్సిన పెడలే మారిపోతుంది.

యాంప్ లేని చోట డిస్టార్షన్

మామూలు ట్యూనింగ్‌లో గిటార్ మీద అన్నిటికంటే కింది స్వరం సుమారు 82 హెర్ట్జ్. సన్న తీగ మీద 22వ ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం సుమారు 1,175 హెర్ట్జ్. అంటే 22 ఫ్రెట్ల గిటార్ మీద పలికే అసలు స్వరాలన్నీ 1,200 హెర్ట్జ్ లోపలే అయిపోతాయి. దానికి పైన వినపడేదంతా ఆ స్వరాల అనుస్వరాలే, అంటే హార్మోనిక్సే. డిస్టార్షన్ పెడల్ చేసే పని ఈ అనుస్వరాలను విపరీతంగా పుట్టించడం. సిగ్నల్‌ను బాగా పెంచి, డయోడ్ల దగ్గర దాని పైకొసనూ కింది కొసనూ కత్తిరిస్తుంది. గుండ్రంగా ఉన్న అల చదునైపోతుంది. ఎంత చదునైతే అంత ఎక్కువ అనుస్వరాలు, అంత పైదాకా పుడతాయి.

గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్‌కు పైస్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, ఉండదు. దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక అది పెద్దగా పలకలేదు. మామూలు పాటలు వినడానికి అది లోపమే. డిస్టార్షన్‌కు మాత్రం అదే ప్రాణం. పెడల్ పుట్టించిన పైస్థాయి రొదనంతా ఆ స్పీకర్ తనలోనే ఆపేసి, వినదగ్గ భాగాన్ని మాత్రం బయటికి వదులుతుంది. సౌండ్ సిస్టమ్ స్పీకర్లు అలా కావు. గాయకుల గొంతు, తాళాలు, కీబోర్డు అన్నీ స్పష్టంగా వినపడాలి కాబట్టి వాటిలోని హార్న్ 15 వేల హెర్ట్జ్ దాటి కూడా పలుకుతుంది. డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపితే ఆపేవాళ్లు లేక ఆ రొదంతా బయటికొచ్చి, తేనెటీగలు ముసిరినట్టు జుయ్యిమంటుంది. ఎంత ఖరీదైన పెడల్ అయినా ఇదే జరుగుతుంది.

దీనికి మందు క్యాబ్ సిమ్యులేషన్. గిటార్ స్పీకర్ చేసే కోతను సర్క్యూట్‌తోనో, డిజిటల్‌గానో చేసి చూపించే పరికరం అది. డిజిటల్ పద్ధతిలో ఒక నిజమైన స్పీకర్, దాని పెట్టె, ముందున్న మైక్ ఎలా పలికాయో కొలిచి దాచిన చిన్న ఫైల్‌ను వాడతారు. గిటారిస్టులు దాన్ని ఐఆర్ అంటారు. ఇప్పుడు వస్తున్న మల్టీ ఎఫెక్ట్ పెట్టెల్లో, అంటే చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే పరికరాల్లో, దాదాపు అన్నిటిలోనూ ఇది ఉంటుంది. విడి పెడల్‌గానూ దొరుకుతుంది. ఏదీ లేని రోజున, డిజిటల్ మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండ్ ఇంజినీర్‌ను అడిగి గిటార్ చానల్‌లో 5,000 హెర్ట్జ్ పైన కోత పెట్టించుకున్నా సగం బాధ తీరుతుంది. యాంప్ లేకుండా వాయించేవాళ్లు డిస్టార్షన్ మీద పెట్టే మొదటి రూపాయి క్యాబ్ సిమ్యులేషన్ మీద పెట్టాలి. ఆ తర్వాత సామాన్యమైన డిస్టార్షన్ పెడల్ కూడా వినసొంపుగా ఉంటుంది. ఎప్పుడైనా నిజమైన గిటార్ యాంప్ దొరికితే మాత్రం ఆ సిమ్యులేషన్ ఆపేయాలి. కోత రెండుసార్లు పడితే సౌండ్ దుప్పటి కప్పేసినట్టు మూసుకుపోతుంది.

మిక్సర్‌తో ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది గుర్తుపట్టరు. మామూలు గిటార్ పికప్‌కు సొంత కరెంటు ఉండదు. ఆ సిగ్నల్ బలహీనంగా ఉంటుంది కాబట్టి దాన్ని అందుకునే ఇన్‌పుట్ దానిమీద బరువు వేయకూడదు. గిటార్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు చూపే నిరోధం, ఇది ఎక్కువైతే బరువు తక్కువ) సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌ది 10 వేల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. గిటార్‌ను నేరుగా అక్కడ కలిపితే ట్రెబుల్ చచ్చిపోయి, సౌండ్ మొద్దుబారుతుంది. ఇప్పుడు మధ్యలో ఒక ట్రూ బైపాస్ పెడల్, అంటే ఆపినప్పుడు సిగ్నల్‌ను తన సర్క్యూట్ తాకకుండా నేరుగా వదిలేది, పెట్టారనుకుందాం. పెడల్ ఆపి ఉంచితే గిటార్ తిన్నగా మిక్సర్‌కు కలిసినట్టే లెక్క, కాబట్టి సౌండ్ మొద్దుగానే ఉంటుంది. కాలితో నొక్కగానే పెడల్‌లోని సర్క్యూట్ మధ్యలోకి వచ్చి ఆ బరువును తను మోస్తుంది, ఒక్కసారిగా సౌండ్ విచ్చుకుంటుంది. విన్నవాళ్లు 'ఈ పెడల్‌లో ఏదో మహత్తు ఉంది' అనుకుంటారు. నిజానికి ఆ మార్పులో ఎక్కువ భాగం ఏ సాదా బఫర్ (బలహీనమైన సిగ్నల్‌కు బలం ఇచ్చే చిన్న సర్క్యూట్) పెట్టినా వచ్చేదే. మిక్సర్‌లో 'హై-జెడ్' అని రాసిన ఇన్‌పుట్ ఉంటే అందులో కలపాలి. లేకపోతే యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే, కరెంటుతో నడిచే పెట్టె) గానీ, బఫర్ ఉన్న ఒక పెడల్ గానీ ముందు పెట్టాలి. బాస్ కంపెనీ చిన్న పెడల్స్‌లో దాదాపు అన్నిటికీ, వాళ్ల ట్యూనర్‌తో సహా, బఫర్ ఉంటుంది.

ఒంటరిగా బాగున్నది బ్యాండ్‌లో బాగుండదు

డిస్టార్షన్ కుటుంబం పెద్దది. అందులో రెండు పెడల్స్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఎంపిక ఎందుకు తప్పుతుందో తెలుస్తుంది.

మొదటిది ట్యూబ్ స్క్రీమర్. జపాన్‌లోని మాక్సన్ తయారు చేయగా, ఐబానెజ్ పేరుతో 1979లో టీఎస్808గా బయటికొచ్చింది. ఆకుపచ్చ పెట్టె. దీని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కంటే కింది భాగాన్ని పెద్దగా పెంచదు, కాబట్టి బేస్ అంతగా చదును కాదు. పైభాగాన్ని, అల కత్తిరించాక, టోన్ నాబ్ దగ్గర తగ్గిస్తుంది. మిగిలేది మధ్యభాగం, అంటే మిడ్ ఉబ్బిన సౌండ్. రెండోది బిగ్ మఫ్. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ పెట్టిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ 1969లో తెచ్చిన ఫజ్, అంటే మరీ గరగరలాడే డిస్టార్షన్. ఇందులో టోన్ సర్క్యూట్ ట్యూబ్ స్క్రీమర్‌కు పూర్తిగా వ్యతిరేకం. నాబ్ నడిమధ్యన ఉంటే దాదాపు 1,000 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట పడుతుంది. బేస్, ట్రెబుల్ మిగిలి మిడ్ పోతుంది.

షాపులో కూర్చుని రెండూ వాయించి చూస్తే బిగ్ మఫ్ గెలుస్తుంది. కొండంత సౌండ్, ఒక్క కార్డ్ కొడితే గది నిండిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్ దాని పక్కన ముక్కుతో పాడినట్టుంటుంది. అదే రెంటినీ డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డు మధ్యకు తీసుకెళ్తే కథ తిరగబడుతుంది. బిగ్ మఫ్ కింది భాగాన్ని బేస్ గిటార్, కిక్ డ్రమ్ మింగేస్తాయి. పైభాగం సింబల్స్ రొదలో కలిసిపోతుంది. గిటార్‌ను గిటార్‌గా వినిపించేది మిడ్, అదేమో పెడల్ తీసేసింది. ట్యూబ్ స్క్రీమర్ ఆ సందులోంచే దూరి స్పష్టంగా వినపడుతుంది. అలాగని బిగ్ మఫ్ చెడ్డదని కాదు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ దాన్ని ఎంత గొప్పగా పలికించాడో లోకానికి తెలుసు. కాకపోతే అతని వెనక గట్టిగా, క్లీన్‌గా పలికే పెద్ద యాంప్‌లున్నాయి. చుట్టూ సోలోకు చోటు వదిలి అల్లిన సంగీతం ఉంది. ఒంటి గిటార్‌తో ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్లకు బిగ్ మఫ్ హాయిగా సరిపోతుంది. రద్దీగా ఉండే బ్యాండ్‌లో రెండో గిటారిస్ట్‌కు అది నిరాశే.

ట్యూబ్ స్క్రీమర్ కీర్తి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ లాంటివాళ్లు దాన్ని వాడిన తీరు వేరు. డ్రైవ్ (డిస్టార్షన్ మోతాదు) తక్కువ పెట్టి, లెవెల్ ఎక్కువ పెట్టి, అప్పటికే గట్టిగా పలుకుతున్న వాల్వ్ యాంప్‌ను ఇంకాస్త ముందుకు తోయడానికి వాడారు. ఆ సౌండ్‌లో ఎక్కువ వాటా వాల్వులది. వాల్వులే లేని మిక్సర్‌లోకి అదే సెట్టింగ్‌తో వెళ్తే సిగ్నల్ గట్టిపడుతుందే తప్ప ఆ సౌండ్ రాదు. యాంప్ లేనివాళ్లు దానికి తోడు ఒక యాంప్ మోడల్ (నిజమైన యాంప్‌ను డిజిటల్‌గా అనుకరించేది) వాడాలి, లేదా సొంతంగానే పూర్తి డిస్టార్షన్ ఇచ్చే పెడల్ వెతుక్కోవాలి. అలాంటివాటిలో ర్యాట్ గుర్తు పెట్టుకోదగ్గది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ప్రో కో కంపెనీ 1978లో తయారీ మొదలుపెట్టింది. దాని ఫిల్టర్ నాబ్ మామూలు టోన్ నాబ్‌కు వ్యతిరేకంగా పనిచేస్తుంది. తిప్పినకొద్దీ ట్రెబుల్ తగ్గుతూ పోతుంది. నేరుగా మిక్సర్‌లోకి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క నాబ్ చాలా పరువు కాపాడుతుంది. అదే ఏడాది వచ్చి, ఇప్పటికీ తయారవుతున్న బాస్ డీఎస్-1 చవకలో దొరికే మంచి పెడల్. కాకపోతే టోన్ నాబ్ మధ్యలో ఉంచితే అదీ మిడ్‌ను తగ్గిస్తుంది. బ్యాండ్‌లో వాడేవాళ్లు టోన్ తగ్గించి పెట్టుకుంటే మేలు.

పోల్చి చూసేటప్పుడు చెవి చేసే మోసం ఇంకోటి ఉంది. రెండు సౌండ్లలో కాస్త గట్టిగా ఉన్నదే మనకు మెరుగ్గా అనిపిస్తుంది. అందుకని పెడల్ ఆన్ చేసినా, ఆఫ్ చేసినా వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు లెవెల్ నాబ్ సరిచేసుకున్నాకే తీర్పు చెప్పాలి. ఇంట్లో వాళ్లు పడుకున్నాక చిన్నగా వాయిస్తూ పెట్టుకున్న సెట్టింగ్ స్టేజీ మీద పనికిరాకపోవడానికి కారణం కూడా చెవే. తక్కువ వాల్యూమ్‌లో బేస్, ట్రెబుల్ మన చెవికి తక్కువగా వినపడతాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో బేస్, ట్రెబుల్ పెంచుకుంటాం. అవే స్టేజీ వాల్యూమ్‌లో గుయ్‌మనీ, కీచుమనీ వేధిస్తాయి. స్టేజీ కోసం కొనే పెడల్‌ను గట్టిగానే, వీలైతే రిహార్సల్లో మిగతావాళ్లు వాయిస్తుండగానే పరీక్షించాలి.

ఇక చిప్ నంబర్ల గొడవ. పాత ట్యూబ్ స్క్రీమర్‌లో వాడిన జేఆర్‌సీ4558డీ అనే ఆప్ యాంప్ చిప్ మీద ఇంటర్నెట్‌లో జరిగినంత చర్చ దాని యోగ్యతకు మించినది. చిప్ మార్చితే వచ్చే తేడా స్పీకర్ మార్చితే వచ్చే తేడాలో పదో వంతు కూడా ఉండదు. ఆ పాత సర్క్యూట్లనే తక్కువ ధరలో తయారు చేసే చైనా మినీ పెడల్స్ సౌండ్ విషయంలో తీసిపోవు. పెట్టె, స్విచ్, జాక్‌లు ఎంతకాలం మన్నుతాయి అన్న దగ్గరే అసలు తేడా తెలుస్తుంది.

ఎండాకాలం ఫజ్

ఫజ్ అనే సౌండ్ ఒక పాడైన పరికరం నుంచి పుట్టింది. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ గరగరమంది. అందరూ దాన్ని అలాగే ఉంచేశారు. ఆ రికార్డింగ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ తర్వాత అదే గరగర కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేయించాడు. గిబ్సన్ సంస్థ 1962లో దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్‌గా అమ్మింది. బాకాలు, ట్రంపెట్ల సౌండ్ వస్తుందని ప్రచారం చేసింది. పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట ఒకటి ఆ సౌండ్‌తోనే మొదలై ఊరూరా మోగాక షాపుల్లో సరుకు మిగల్లేదు.

తర్వాత ఏడాది లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన గుండ్రటి ఫజ్ ఫేస్ పెడల్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కాళ్ల కింద పేరు తెచ్చుకుంది. దాంట్లో రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటికీ 'అసలైన ఫజ్ అంటే జెర్మేనియమే' అనే మాట వినపడుతుంది. మెత్తగా, గిటార్ వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే చక్కగా శుభ్రపడుతూ పలుకుతుందన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పేవాళ్లలో చాలామంది ఉండేది చల్లటి దేశాల్లో. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంటు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ రెట్టింపవుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో కుదురుగా ఉన్న పెడల్, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో షామియానా కింద 45 డిగ్రీలకు చేరితే లీకేజీ నాలుగింతలవుతుంది. ట్రాన్సిస్టర్ బయాస్, అంటే అది పనిచేసే వోల్టేజీ అమరిక, పక్కకు తప్పుకుంటుంది. స్వరం సాగకుండా తెగి తెగి వస్తుంది, వాల్యూమ్ పడిపోతుంది. ఆరుబయట ప్రోగ్రాములు చేసేవాళ్లు ఇక్కడ సిలికాన్ ఫజ్ తీసుకోవడమే తెలివైన పని. జెర్మేనియమే కావాలనుకుంటే బయాస్ సరిచేసుకునే నాబ్ బయటే ఉన్న మోడల్ చూసుకోవాలి.

ఫజ్ ఫేస్ తరహా పెడల్‌కు ముందు బఫర్ పెట్టకూడదు. అది గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. ఆ ముడి తెగితే సౌండ్ గరుకుగా, పలచగా మారుతుంది. వైర్‌లెస్ వాడేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వైర్‌లెస్ రిసీవర్ నుంచి వచ్చేది బఫర్ దాటిన సిగ్నలే. మిగతా పెడల్స్‌కు మాత్రం బఫర్ ఉపకారమే చేస్తుంది. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి పెడల్స్‌కు 6 మీటర్లు, అక్కడి నుంచి యాంప్‌కు ఇంకో 6 మీటర్లు అనుకుంటే, అన్నీ ట్రూ బైపాస్ పెడల్స్ అయి ఆపి ఉన్నప్పుడు, ఆ 12 మీటర్ల భారమంతా పికప్ మీదే పడి ట్రెబుల్ తగ్గుతుంది. ట్రూ బైపాస్ అన్న మాట పెట్టె మీద ఉండగానే గొప్పదనుకోనక్కర్లేదు.

డిలే, రివర్బ్: ముందు హాలును వినాలి

డిలే అంటే వాయించిన స్వరాన్ని కాసేపటికి మళ్లీ ప్రతిధ్వనిలా వినిపించే పెడల్. అది కొనేవాళ్లు మొదట చిన్న లెక్క వేసుకోవాలి. 60,000ను పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. ఆధునిక ఆరాధన గీతాల్లో ఎక్కువగా వినపడే, యూ2 గిటారిస్ట్ ది ఎడ్జ్ వల్ల ప్రసిద్ధమైన డాటెడ్ ఎయిత్ డిలేకు అందులో ముప్పావు వంతు తీసుకోవాలి. 120 టెంపోలో అది 375 మిల్లీసెకన్లు. నిదానంగా సాగే 72 టెంపో పాటలో 625.

ఇప్పుడు పెడల్స్ వైపు చూడాలి. అనలాగ్ డిలేలో బకెట్ బ్రిగేడ్ అనే చిప్ ఉంటుంది. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు కనిపెట్టిన పద్ధతి ఇది. సిగ్నల్‌ను చిన్న చిన్న నమూనాలుగా తీసుకుని వేల మెట్ల గుండా ఒకదాని నుంచి ఒకదానికి అందిస్తూ పోతుంది. ఆలస్యం పెరగాలంటే అందించే వేగం తగ్గాలి. వేగం తగ్గితే ట్రెబుల్ మోయలేదు. అనలాగ్ డిలేలో ప్రతిధ్వని మసగ్గా, వెచ్చగా ఉండటానికి కారణం ఇదే. 1981 నాటి బాస్ డీఎం-2 గరిష్ఠంగా 300 మిల్లీసెకన్లే ఇచ్చేది. ఆ 300తో డాటెడ్ ఎయిత్ వాయించాలంటే పాట 150 టెంపోలో ఉండాలి. కాబట్టి నిదానమైన పాటలకు ఆ లయ కావాలనుకునేవాళ్లు అలాంటి పెడల్ ఎంత మధురంగా ఉన్నా కొనకూడదు. 1983లో డీడీ-2తో డిజిటల్ డిలే చిన్న పెట్టెలోకి వచ్చి 800 మిల్లీసెకన్లకు చేరింది. ఇప్పుడు చవకగా దొరికే డిలేల్లో చాలావాటిలో ఉండేది పీటీ2399 అనే తైవాన్ చిప్. కరోకే ఎకో కోసం తయారైన ఈ చిప్ 350 మిల్లీసెకన్ల దాకా శుభ్రంగా ఉంటుంది, అక్కడి నుంచి రొద పెరుగుతూ పోతుంది. పెట్టె మీద అనలాగ్ అని రాసి ఉన్నా లోపల ఈ డిజిటల్ చిప్పే ఉండొచ్చు. క్లిక్ ట్రాక్ (చెవిలో మోగే తాళం) లేకుండా వాయించే బ్యాండ్‌కు ట్యాప్ టెంపో, అంటే కాలితో తట్టి డిలే వేగం సరిచేసే సదుపాయం, తప్పనిసరి. డ్రమ్మర్ కాస్త పరిగెత్తితే చాలు, స్థిరంగా ఉన్న డిలే పాటను కలగాపులగం చేస్తుంది.

పెద్ద హాల్లో మోగినట్టు చేసే రివర్బ్ విషయంలో చెప్పాల్సింది తక్కువ. మన చర్చి హాళ్లు, ఫంక్షన్ హాళ్లు చాలావరకు కాంక్రీటు గోడలు, నాపరాళ్లు, టైల్స్. చప్పట్లు కొట్టి చూస్తే రెండు సెకన్లు మోగే హాల్లో గిటార్‌కు ఇంకా రివర్బ్ కలపడం అంటే కార్డ్స్ ఒకదానిమీద ఒకటి పడి చిందరవందర కావడమే. రివర్బ్ పెడల్ ఆరుబయట, హెడ్‌ఫోన్స్‌లో, రికార్డింగ్‌లో పనికొస్తుంది. చాలామందికి అది చివరగా కొనాల్సిన పెడల్.

గిటార్ మీద రాగాలు వాయించేవాళ్ల సంగతి ప్రత్యేకం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి, ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ వాద్యం మీద గమకం సాధ్యమేనని లోకానికి చూపించారు. ఆ దారిలో నడవాలనుకునే గిటారిస్ట్‌కు డిలే శత్రువు లాంటిది. రిషభం నుంచి గాంధారానికి జారేటప్పుడు వెనకబడ్డ ప్రతిధ్వని పాత స్థానంలోనే మోగుతూ కొత్త స్వరంతో పోట్లాడుతుంది. అలాంటివాళ్లకు ఉపయోగపడేది కంప్రెసర్. తీగ మీటాక సన్నగిల్లిపోయే స్వరాన్ని అది పైకెత్తి పట్టుకుంటుంది కాబట్టి ఒక్క మీటుతో గమకం పూర్తయ్యేదాకా నాదం నిలుస్తుంది. దానితో పాటు హమ్‌నూ, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్ శబ్దాన్నీ పైకెత్తుతుంది. అందుకని హమ్ ఎక్కువ పట్టే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్ ఉన్నవాళ్లు మితంగా వాడాలి. కంప్రెసర్ చేసే మార్పు వినేవాళ్లకు వెంటనే తెలియదు, వాయించేవాళ్ల వేళ్లకు తెలుస్తుంది. ఆ కారణంగానే షాపులో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కరెంటు

దాదాపు అన్ని పెడల్స్ అడిగేది 9 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్యలో నెగటివ్. బాస్ పాటించిన ఈ పద్ధతే మిగతావాళ్లకూ ప్రమాణమైంది. ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఉంది కదా, పిన్ పట్టింది కదా అని దాన్ని తగిలించడం ప్రమాదం. ఆ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, పైగా మధ్యలో పాజిటివ్. పెడల్ కాలిపోవచ్చు. అడాప్టర్ మీద ముద్రించిన గుర్తులో చుక్క దగ్గరికి వెళ్లే గీత చివర మైనస్ ఉందో లేదో చూశాకే ప్లగ్ పెట్టాలి. కొన్ని పాత డిజిటల్ పెడల్స్ డీసీ కాకుండా ఏసీ అడుగుతాయి. 1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4 అలాంటిదే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దాని అడాప్టర్ కూడా అడిగి తీసుకోవాలి.

మిల్లీ యాంప్‌ల లెక్క కూడా కలవాలి. ఒక ఓవర్‌డ్రైవ్‌కు 5 నుంచి 10 మిల్లీ యాంప్‌లు సరిపోతే, డిజిటల్ రివర్బ్ 100 నుంచి 300 దాకా లాగవచ్చు. సుమారు 500 మిల్లీ యాంప్ అవర్ ఉండే 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ మొదటిదానికి వంద గంటల దాకా వస్తుంది, రెండోదానికి రెండు మూడు గంటలు కూడా గగనమే. బ్యాటరీతో నడిచే పెడల్‌కు ఆన్-ఆఫ్ స్విచ్ ఇన్‌పుట్ జాకే. వాయించడం అయ్యాక కేబుల్ తీయకపోతే లైటు వెలగకపోయినా బ్యాటరీ అయిపోతుంది.

ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అన్నిటికీ కరెంటు ఇవ్వడం చవక పద్ధతి. అన్నీ అనలాగ్ అయితే చెల్లుతుంది. వాటి మధ్యకు డిజిటల్ పెడల్ వస్తే దాని గడియారపు రొద కరెంటు తీగ గుండా పాకి, డిస్టార్షన్ పెడల్‌లో వంద రెట్లయి సన్నటి ఈలలా వినపడుతుంది. జెర్మేనియం ఫజ్‌లు కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌వి (కరెంటు పాజిటివ్ కొస గ్రౌండ్‌కు కలిసినవి), వాటిని ఆ గొలుసులో కలిపితే షార్టవుతుంది. మూడు నాలుగు పెడల్స్ దాటినవాళ్లు విడివిడి ఐసొలేటెడ్ అవుట్‌పుట్లు ఉన్న పవర్ సప్లై కొనాలి. ఐదో పెడల్ కంటే అదే ఎక్కువ మార్పు తెస్తుంది.

హమ్ సంగతిలో ఒక హెచ్చరిక. స్టేజీ మీద గుయ్‌మనే శబ్దం పోవడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేయడం, టేప్ చుట్టడం చేయకూడదు. గిటార్ తీగలు, పెడల్ పెట్టె, యాంప్ ఛాసిస్ అన్నీ ఒకే గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని యాంప్‌లో లోపం వస్తే, తీగల మీద చెయ్యి ఉంచి మైక్‌కు పెదవులు తగిలించిన మనిషి గుండానే కరెంటు దారి చూసుకుంటుంది. టెంట్లలో, పందిళ్లలో తాత్కాలికంగా లాగిన కనెక్షన్ అయితే వాయించే ముందు ఎర్త్ ఉందో లేదో టెస్టర్ పెట్టి చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదిది. హమ్ పోవాలంటే ఎర్త్ జోలికి పోకుండా, డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీసేది) వాడాలి.

ఏది ముందు కొనాలి

స్టేజీ ఎక్కేవాళ్లకు మొదటి పెడల్ ట్యూనర్. నొక్కితే సౌండ్ ఆగిపోతుంది, నిశ్శబ్దంగా శ్రుతి చేసుకోవచ్చు, గిటార్ మార్చేటప్పుడు స్పీకర్లలో టప్‌మనే చప్పుడు రాదు. తర్వాత, యాంప్ లేనివాళ్లు విడి పెడల్స్ జోలికి పోకుండా చిన్న మల్టీ ఎఫెక్ట్ తీసుకోవడం మంచిది. బాస్ జీటీ-1 గానీ, జూమ్ జీ సిరీస్ గానీ, బడ్జెట్ ఉంటే లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ గానీ, వీటన్నిటిలో యాంప్ మోడల్, క్యాబ్ సిమ్యులేషన్, డిలే, ట్యూనర్ ఒకే పెట్టెలో ఉంటాయి. అదే ధరకు రెండు విడి పెడల్స్ వచ్చినా క్యాబ్ సిమ్యులేషన్ రాకపోతే మొదట చెప్పిన జుయ్యి దగ్గరికే వచ్చి ఆగుతాం. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు (కంపెనీ ముందే నింపి ఇచ్చే సెట్టింగ్‌లు) మాత్రం నమ్మకూడదు. షాపులో ఒంటరిగా వినిపించి మెప్పించడానికి చేసినవి కాబట్టి అందులో డిలే, రివర్బ్ దట్టించి ఉంటాయి. ఖాళీ ప్యాచ్‌లో ఒక యాంప్, ఒక క్యాబ్ పెట్టి మొదలుపెట్టాలి.

కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో నిజమైన యాంప్‌లు, డ్రైవ్ పెడల్స్ పలికే తీరును నేర్పించి తయారు చేసిన ఫైళ్లను నింపి వాయించవచ్చు. ట్యూబ్ స్క్రీమర్, ర్యాట్, బిగ్ మఫ్ తరహా సౌండ్లను తమకు నచ్చిన పాట ట్రాక్ మీద, డ్రమ్స్ మోగుతుండగా పోల్చి చూసుకోవచ్చు. ఖర్చు లేకుండా కొన్ని వారాలు అలా విన్నాక ఏ తరహా మళ్లీ మళ్లీ వాడుతున్నారో తెలుస్తుంది. దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి ధర పెరిగి వచ్చే పెడల్ మీద డబ్బు పెట్టాల్సింది అప్పుడు.

అకౌస్టిక్ గిటార్‌కు పికప్ పెట్టించుకుని వాయించేవాళ్లు డిస్టార్షన్ గురించి ఆలోచించనక్కర్లేదు. బోలు పెట్టె గట్టి వాల్యూమ్‌లో ఊళ వేస్తుంది. వాళ్లకు కావాల్సింది నాచ్ ఫిల్టర్ (ఊళ వేసే ఒక్క స్వరాన్నే తగ్గించేది) ఉన్న ప్రీయాంప్, కాస్త కంప్రెసర్.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పైపెయింట్ గీతలను పట్టించుకోవద్దు. నాబ్‌లు తిప్పుతుంటే కరకర వస్తోందా, కేబుల్ కదిలిస్తే సౌండ్ తెగుతోందా, స్విచ్ పదిసార్లు నొక్కితే పదిసార్లూ పనిచేస్తోందా చూడాలి. తర్వాత అడుగు మూత తీసి బ్యాటరీ గది చూడాలి. తెల్లటి పొడి గానీ, పచ్చటి చిలుము గానీ ఉంటే ఏళ్ల తరబడి బ్యాటరీ కారిందన్నమాట. క్లిప్ వరకే అయితే మెకానిక్ మార్చేస్తాడు. సర్క్యూట్ బోర్డు మీదికి పాకి ఉంటే ఆ పెడల్ అక్కడే వదిలేయాలి.